పందిరెక్కని తీగ

కొలంబోలో ఒక పాతకాలపు ఇల్లు. నెలకో ఆదివారం మనవలు, మనవరాళ్లు అంతా నాయనమ్మ దగ్గర చేరతారు. కన్నవాళ్లకు ఆ ఒక్కరోజూ పిల్లల గోల ఉండదు. ఇంటిముందు తోట, రోడ్డు, ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం మగపిల్లల రాజ్యం. అక్కడ రోజంతా క్రికెట్టే. పెరడు, వంటింటి వసారా ఆడపిల్లలవి. అక్కడ పెళ్లాట. ఏడేళ్ల అర్జీ ఉండేది పెరట్లో. పెళ్లాటలో పెళ్లికూతురు అతనే. కాస్త పసుపు తేలిన పాత తెల్లచీర చుట్టి, తలమీద మేలిముసుగు వేసి, పూలు పెట్టి సింగారిస్తుంటే, తను మామూలు అర్జీ కాకుండా ఇంకెవరో గొప్ప మనిషి అయిపోతున్నట్టు ఆ పిల్లాడికి అనిపిస్తుంది. (మన చెవికి అర్జీ అంటే విన్నపం. నవల పూర్తయ్యాక చూస్తే ఆ పొరపాటు అర్థం కూడా బాగానే అతుకుతుంది.)

ఆ ఆటలో ఒక తమాషా ఉంది. అన్నిటికంటే తక్కువ వేషం పెళ్లికొడుకుది. పెళ్లి చేయించే ఫాదరీ కంటే కూడా తక్కువ. విదేశం నుంచి కొత్తగా వచ్చిన తనూజకు ఆ వేషం అంటగట్టారు. ఆ పిల్ల ఎన్నాళ్లు ఊరుకుంటుంది? మగపిల్లాడు పెళ్లికూతురేమిటని అడ్డం తిరిగింది. గొడవ పెద్దదైంది. తనూజ వాళ్లమ్మ వచ్చి అర్జీని చీరతో సహా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, పెద్దలంతా కూర్చున్న హాల్లో నిలబెట్టింది. అందరూ గొల్లుమన్నారు. బంధువు ఒకాయన అర్జీ తండ్రి వైపు తిరిగి, మీవాడొకడు ‘ఫనీ’గా ఉన్నాడే అని జోకేశాడు. తండ్రి నవ్వలేదు.

ఇంటికొచ్చాక తండ్రి తల్లితో మాట్లాడుతూ అదే మాట వాడతాడు. చాటుగా విన్న పిల్లాడు దాని గురించి ఆలోచనలో పడతాడు. ఫనీ అంటే నవ్వు తెప్పించేది, లేకపోతే వింతైనది. నాన్న గొంతులో ఈ రెండూ లేవు, ఏదో అసహ్యం ఉంది. తెలుగు పాఠకుడికి ఇక్కడ నిఘంటువు అక్కర్లేదు. మనకు ‘తేడా’ ఉంది. లెక్కలో తేడా, రుచిలో తేడా అన్నప్పుడు మామూలు మాటే. ‘వాడు తేడా’ అనగానే గొంతు మారుతుంది, పక్కవాడి పెదవి వంకర పోతుంది. సినిమా హాల్లో ఆ ఒక్క ముక్కకే నవ్వులు పడటం మనమంతా చూసినవాళ్లమే. అర్జీ ఆ సాయంత్రం విన్నది అచ్చంగా ఆ మాటే.

ఇది శ్యామ్ సెల్వదురై 1994లో రాసిన ‘ఫనీ బాయ్’ మొదటి అధ్యాయం. సెల్వదురై 1965లో కొలంబోలో పుట్టాడు. తండ్రి తమిళుడు, తల్లి సింహళ. 1983లో తమిళుల మీద జరిగిన అల్లర్ల తర్వాత కుటుంబం కెనడా చేరింది. ఒకే పిల్లాడి చుట్టూ తిరిగే ఆరు కథలు కలిపితే ఈ నవల. ఎదిగే వయసులో, తన ఇష్టం తోటి మగవాళ్ల మీదికి పోతోందని తెలుసుకునే అబ్బాయి కథ. ఇలాంటి నవలల గురించి సాహిత్య సిద్ధాంతం ముప్ఫై నలభై ఏళ్లుగా చాలా చెబుతోంది. ఆ చెప్పేది కొరకరాని కొయ్యలా ఉంటుందని భయపడి చాలామంది అటు పోరు. కానీ అందులో పనికొచ్చేది చాలావరకు పై పెరట్లోనే ఉంది.

ముందు ఎదుగుదల నవల సంగతి. జర్మన్లు దీన్ని బిల్డుంగ్స్‌రోమాన్ అంటారు. కార్ల్ మోర్గెన్‌స్టెర్న్ అనే ఆచార్యుడు 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో తన ఉపన్యాసాల్లో వాడిన మాట అది. నమూనాగా అందరూ చూపించేది గోథే 1795-96లో ప్రచురించిన ‘విల్హెల్మ్ మైస్టర్’ను. కుర్రాడు ఇల్లు విడుస్తాడు, లోకం చూస్తాడు, బోల్తా పడతాడు, బుద్ధి తెచ్చుకుంటాడు, చివరికి సమాజంలో తన చోటు తను కనుక్కుంటాడు. మనకు మొక్కపాటివారి పార్వతీశం ఉన్నాడు కదా, మొగల్తూరులో బయల్దేరి, దారిపొడుగునా నవ్వులపాలై, బారిష్టరై తిరిగొచ్చినవాడు. వేళాకోళంగా నడిచినా ఆ పుస్తకం ఒళ్లంతా ఈ జాతి నవలే.

ఈ జాతి నవలకు ముగింపు ఎక్కడ? ఇటలీ విమర్శకుడు ఫ్రాంకో మోరెట్టి 1987లో ఇంగ్లీషులో వచ్చిన ‘ద వే ఆఫ్ ద వరల్డ్’ పుస్తకంలో దీన్ని పట్టుకున్నాడు. తొలినాటి ఎదుగుదల నవలలు పెళ్లి దగ్గర ఆగుతాయి. అక్కడ పెళ్లంటే ఇద్దరు మనుషుల వ్యవహారం మాత్రమే కాదు, మనిషికీ సమాజానికీ కుదిరిన ఒప్పందానికి గుర్తు. నేను నీ నియమాలు ఒప్పుకున్నాను, నువ్వు నన్ను లోపలికి రానిచ్చావు అన్నమాట. విల్హెల్మ్ కథ కూడా నతాలియెతో సంబంధం ఖాయం కావడంతోనే తీరం చేరుతుంది. మనవాళ్లూ అంతే. ‘వాడింకా కుదురుకోలేదు’ అంటే సగం ఉద్యోగం గురించి, సగం పెళ్లి గురించి.

మన భాషలో పందిరి అన్న మాట ఒకటే, పనులు రెండు. పెళ్లికి వేసేదీ పందిరే, బీరపాదుకు వేసేదీ పందిరే. తీగ నిటారుగా ఎక్కి పందిరి అందుకుంటే ఎదిగిందంటాం. అందుకోకపోతే చచ్చిపోదు. గోడవారన పక్కకు పాకుతుంది. అమెరికన్ విమర్శకురాలు కేథరిన్ బాండ్ స్టాక్టన్ 2009లో రాసిన ‘ద క్వీర్ చైల్డ్’ అనే పుస్తకం మొత్తం ఈ పక్కకు పాకడం గురించే. ఇంగ్లీషులో పెరగడమంటే పైకి పెరగడమే. మరి పైనున్న పందిరి తనది కాని పిల్లల సంగతి ఏమిటి? వాళ్లు పక్కకు పెరుగుతారంటుంది ఆమె. ఇంకో సూక్ష్మం కూడా చెబుతుంది. ఏడేళ్ల పిల్లాణ్ని ఎవరూ స్వలింగ ప్రేమికుడు అనరు. ఆ పేరు అతనికి పెద్దయ్యాకే వస్తుంది. వచ్చాక వెనక్కి తిరిగి, ‘ఓహో, అప్పటినుంచే ఇలా ఉన్నాను’ అనుకుంటాడు. అంటే ఆ పిల్లాడు తన బాల్యంలో లేడు. బాల్యం గడిచిపోయాక పుడతాడు. అర్జీ కథ చెప్పేది కూడా ఏడేళ్ల అర్జీ కాదు, దేశం దాటిపోయాక వెనక్కి చూస్తున్న పెద్ద అర్జీ.

నా లెక్కలో ఈ నవలలన్నిటికీ అసలు రహస్యం ఈ ఆలస్యమే. ఇష్టం, అంగీకారం, ధైర్యం లాంటివి తర్వాతి సంగతులు. ముందు కాలం లెక్క తప్పుతుంది.

ఆలస్యానికి ‘మారిస్’ను మించిన ఉదాహరణ లేదు. ఇంగ్లీషు రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ ఆ నవలను 1913-14లో రాశాడు. స్నేహితులకు టైపు ప్రతి చూపించాడు, మార్పులు చేశాడు, సొరుగులో పెట్టాడు. 1970లో చనిపోయాడు. 1971లో పుస్తకం అచ్చయింది. అంటే యాభయ్యేడేళ్ల తర్వాత. రాసిన నాటికి ఇంగ్లండులో మగవాళ్ల మధ్య శరీర సంబంధం నేరం. ఆస్కార్ వైల్డ్ 1895లో జైలుకు పోయింది ఆ చట్టం కిందే. 1967లో ఇంగ్లండు, వేల్స్‌లలో చట్టం సడలింది. ఆలోగా నవల ముసలిదైపోయింది.

దాని మొదటి అధ్యాయం చూడండి. మారిస్‌కు పధ్నాలుగు దాటింది, పదిహేను నిండలేదు. తండ్రి లేడు. చిన్న బడి వదిలి పెద్ద బడికి పోతున్నాడు. డ్యూసీ అనే మాస్టారు, పాపం మంచివాడే, తండ్రి చెప్పవలసిన విషయాలు తను చెబుదామని అతన్ని సముద్రపు ఒడ్డున పక్కకు తీసుకెళ్తాడు. చేతికర్రతో ఇసుకలో బొమ్మలు గీసి ఆడామగా సంగతి వివరిస్తాడు. పదేళ్ల తర్వాత నువ్వూ నీ భార్యా మా ఇంటికి భోజనానికి రావాలని పిలుస్తాడు కూడా. కొంతదూరం నడిచాక మాస్టారికి గుండె ఝల్లుమంటుంది. ఇసుకలో బొమ్మలు చెరపలేదు! అటుగా మనుషులు వస్తున్నారు. అలలు చెరిపేసి ఉంటాయిలే అని సర్దిచెప్పుకునేలోపు ఆయన పడిన హడావిడి కుర్రాడి కంట పడింది. ఈయన పిరికివాడు, నాకు చెప్పింది ఏమీ లేదు అని తేల్చేసుకున్నాడు. ఎదుగుదల నవల పందిరి మొత్తం ఆ ఇసుకబొమ్మలో ఉంది: శరీరం, భార్య, భోజనం, తేదీతో సహా. దాన్ని గీసినవాడే చెరిపేసుకోవడానికి పరిగెత్తాడు.

ఆ భోజనం ఎప్పటికీ జరగదు. సుమారు పదేళ్లకు మారిస్ బ్రిటిష్ మ్యూజియంలో అలెక్ స్కడర్ అనే వేటకాపరితో నిలబడి ఉంటాడు. ఇద్దరి మధ్యా ప్రేమ ఉంది, బెదిరింపు కూడా ఉంది. సరిగ్గా అప్పుడే కుటుంబంతో వచ్చిన డ్యూసీ మాస్టారు ఎదురవుతాడు. పాత శిష్యుణ్ని గుర్తుపట్టాడు గానీ పేరు తప్పు చెబుతాడు. మారిస్ సరిదిద్దుతూ తన పేరు చెప్పడు, స్కడర్ అని అలెక్ ఇంటిపేరు చెబుతాడు. పెళ్లయిన అమ్మాయి ఇంటిపేరు మార్చుకున్నట్టు! ఫార్‌స్టర్ దీన్ని ఎక్కడా విడమరచలేదు. రెండోసారి చదివినప్పుడు గానీ నాకూ తట్టలేదు.

ముగింపు విషయంలో ఫార్‌స్టర్ మొండిపట్టు పట్టాడు. మారిస్, అలెక్ కలిసి బతకాలి, అంతే. 1960లో రాసిన వెనుకమాటలో, ఈ పట్టు వల్లే పుస్తకం అచ్చుకు నోచుకోలేదని తనే చెప్పుకున్నాడు. కుర్రాడు ఉరేసుకున్నట్టు రాస్తే ఇబ్బంది ఉండేది కాదు, నేరస్థులు శిక్ష లేకుండా తప్పించుకున్నారు గనక చిక్కు అని ఆయన వాదన. గొప్ప మాటే గానీ పూర్తిగా ఒప్పుకోలేను. 1928లో రాడ్‌క్లిఫ్ హాల్ ‘ద వెల్ ఆఫ్ లోన్లీనెస్’ రాసింది. ఇద్దరు స్త్రీల ప్రేమ. చివరికి కన్నీళ్లే, ఎడబాటే. అయినా లండన్ కోర్టు దాన్ని అశ్లీలమని నిషేధించింది. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన రచయితల్లో ఫార్‌స్టర్, వర్జీనియా వుల్ఫ్ ఉన్నారు. మేజిస్ట్రేటు రచయితల సాక్ష్యం వినడానికే ఒప్పుకోలేదు. ఏడ్చినా కొట్టారు, నవ్వినా కొట్టేవాళ్లే.

ఫార్‌స్టర్‌కూ మన హైదరాబాదుకూ ఒక దారం ఉంది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు సయ్యద్ రాస్ మసూద్‌కు ఫార్‌స్టర్ ఇంగ్లండులో లాటిన్ చెప్పాడు. చెబుతూ చెబుతూ ప్రేమలో పడ్డాడు. మసూద్ స్నేహం ఇచ్చాడు, ప్రేమ ఇవ్వలేకపోయాడు. ఆ మసూదే తర్వాత నిజాం రాజ్యంలో విద్యాశాఖ అధిపతిగా ఉండి, ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలదొక్కుకోవడంలో చెయ్యి వేశాడు. 1924లో వచ్చిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ అంకితమైంది అతనికే. చెప్పలేని ప్రేమ సొరుగులోకి పోయింది, చెప్పదగిన స్నేహం అట్ట వెనకనే అచ్చయింది.

ఇక సిద్ధాంతం. ‘క్వీర్’ అంటే వింత, అడ్డదిడ్డం. ఇంగ్లీషులో చాలాకాలం అది తిట్టు. ఎయిడ్స్ భయం నడిచిన 1980ల చివర్లో, తిట్లు తిన్నవాళ్లే దాన్ని తమ జెండామీద రాసుకున్నారు. 1990లో కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్‌లో జరిగిన సదస్సుకు తెరెసా డి లారెటిస్ ‘క్వీర్ థియరీ’ అని పేరు పెట్టింది, కావాలనే గిల్లినట్టు. ఆ మాట మూలంలో అడ్డంగా, వంకరగా అనే అర్థం ఉందని ఈవ్ కొసోఫ్‌స్కీ సెడ్జ్‌విక్ గుర్తుచేసింది. మన ‘తేడా’ వింటే హిందీలో వంకర అని చెప్పే ‘టేఢా’ గుర్తుకు రావడం ఊరికే పోయే పోలిక కాదు.

అదే 1990లో జుడిత్ బట్లర్ ‘జెండర్ ట్రబుల్’ వచ్చింది. చదవడానికి కష్టమైన పుస్తకమే. సారం మాత్రం పెళ్లాటలో దొరుకుతుంది. పెరట్లో ఆడపిల్లలు పెళ్లికూతుళ్లుగా ఆడేటప్పుడు వాళ్లు అసలు, అర్జీ నకిలీ అని తనూజ వాదన. కానీ ఆ పిల్లలు ఎవరిని అనుకరిస్తున్నారు? పెద్దవాళ్ల పెళ్లిళ్లలో చూసిన పెళ్లికూతుళ్లను. ఆ పెళ్లికూతుళ్లు? తమ అక్కల్ని, అమ్మల్ని, సినిమాల్ని. తల వంచుకోవడం, చూపు దించుకోవడం, అడుగు చిన్నగా వేయడం ఎవరికీ పుట్టుకతో రాలేదు. మళ్లీ మళ్లీ చేసి చేసి అదే సహజమైపోయింది. అసలు ప్రతి ఎక్కడా లేదు, ఉన్నవన్నీ నకళ్లే అంటుంది బట్లర్.

దీన్ని చాలామంది పొరబాటుగా అర్థం చేసుకున్నారు. ఆడతనం, మగతనం పొద్దున్నే బీరువా తెరిచి నచ్చిన చొక్కా వేసుకున్నంత తేలిక అని. బట్లర్ 1993లో మరో పుస్తకం రాసి, నా మాట అది కాదు మొర్రో అని చెప్పుకోవలసి వచ్చింది. వేషం మనం ఎంచుకునేది కాదు, మనచేత వేయించేది. తప్పితే శిక్ష ఉంటుంది. అర్జీకి నచ్చినట్టు చీర కట్టుకునే వీలే ఉంటే అతన్ని హాల్లోకి చెయ్యి పట్టి లాక్కుపోయేవాళ్లే కాదు. ఇంకో చిన్న విషయం. అదే ఇంట్లో మీనా అనే అమ్మాయి మగపిల్లలతో క్రికెట్ ఆడుతుంది, ఒక జట్టుకు నాయకురాలు కూడా. ఆమెను ఎవరూ హాల్లో నిలబెట్టలేదు. ఆడపిల్ల మగవైపు పోతే పైకి పోయినట్టు, మగపిల్లాడు ఆడవైపు పోతే దిగజారినట్టు. ‘గాజులు తొడుక్కున్నావా’ అన్నది తిట్టు ఎందుకైందో ఇంతకంటే సులువుగా చెప్పలేం.

సెడ్జ్‌విక్ ప్రసిద్ధ గ్రంథం ‘ఎపిస్టమాలజీ ఆఫ్ ద క్లోజెట్’ కూడా 1990దే. క్లోజెట్ అంటే బట్టల అలమరా. తన ఇష్టాన్ని దాచుకున్న మనిషి అలమరాలో ఉన్నాడంటారు, చెప్పుకుంటే బయటికి వచ్చాడంటారు. సెడ్జ్‌విక్ దగ్గర అసలు సరుకు ఏమిటంటే, ఆ రహస్యం చాలాసార్లు అందరికీ తెలిసిందే. తెలిసీ తెలియనట్టు ఉండటం ఒక అధికారం. తెలియకపోవడం అంటే ఖాళీ గిన్నె కాదు, ఎదుటివాణ్ని నోరెత్తనివ్వకుండా చేసే పనిముట్టు. అర్జీ తండ్రి విషయంలో జరిగేది ఇదే. తనకు ఏమి భయమో ఆయనకు తెలుసు. ఎన్నడూ పేరు పెట్టి అనడు. పేరు పెట్టలేదు గనక అర్జీ కాదనడానికీ లేదు, అవుననడానికీ లేదు.

అయితే ఈ నవలలో ఉన్న ఒక తలుపు సెడ్జ్‌విక్ అలమరాకు ఎదురు తిరుగుతుంది. పండగలకీ పెళ్లిళ్లకీ వెళ్లేముందు అమ్మ చీర కట్టుకుంటుంటే అర్జీ ఆమె గదిలో కూర్చుని చూసేవాడు. నగల పెట్టె అతని చేతిలోనే. ఆ కుచ్చెళ్లు సర్దడం, అద్దంలో ఒకసారి పక్కకు తిరిగి చూసుకోవడం అతనికి ప్రపంచంలోకెల్లా అందమైన విషయాలు. పెళ్లాట గొడవ తర్వాత, నువ్వే వాణ్ని గదిలోకి రానిచ్చి చెడగొట్టావని తండ్రి తల్లిని నిందిస్తాడు. ఆ తర్వాత ఒకరోజు అమ్మ తయారవుతుంటే పిల్లాడు అలవాటుగా వెళ్తాడు. తలుపు మూసుకుంటుంది. ఎందుకని అడిగితే ఆకాశం గురించీ పందుల గురించీ పొంతన లేని మాట ఒకటి వస్తుంది, అదే ఆ అధ్యాయానికి పేరు. మన ఇళ్లలో ‘ఎందుకంటే అంతే’ అని తేల్చేస్తారు చూడండి, అలాంటిది. జవాబు అమ్మ దగ్గరా లేదు.

అలమరాలో అయితే మనిషి లోపల ఉంటాడు, తలుపు తీసుకుని బయటికి రావాలి. ఇక్కడ పిల్లాడు బయట మిగిలాడు. అతను కోరుకునేది లోపలికి పోవడం. నాకు ఈ నవల మీద ఇష్టం కలిగింది ఆ మూసిన తలుపు దగ్గరే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో పుట్టిన సిద్ధాంతం మన ఉమ్మడి ఇళ్ల కొలతలకు కుట్టింది కాదు. సొంత గదే లేని ఇంట్లో అలమరా ఎక్కడిది? ప్రవాస సాహిత్యం మీద పనిచేసిన గాయత్రి గోపీనాథ్ ఈ కథను విప్పి చూపిస్తూ దాదాపు ఇదే వైపు మన దృష్టి తిప్పింది. పాశ్చాత్య కథల్లో ఇలాంటి పిల్లాడు ఇల్లు వదిలి పారిపోయి తనను తాను కనుక్కుంటాడు. ఇక్కడ ఆ కోరిక పుట్టింది ఇంట్లోనే, పెరట్లో, ఆడవాళ్ల మధ్య, నాయనమ్మ కళ్లముందే. బయటినుంచి వచ్చిపడిన జబ్బు కాదు.

తర్వాతి కథల్లో అర్జీ పెద్దవాడవుతాడు. ఇంట్లో ఇలా కుదరదని తండ్రి అతన్ని విక్టోరియా అకాడమీలో వేస్తాడు, అక్కడైతే మగాడిని చేస్తారని. చేశారు కూడా, ఆయన అనుకున్నట్టు కాదు. షెహాన్ అనే సింహళ కుర్రాడితో, తమిళుడైన అర్జీ ప్రేమలో పడతాడు. ఆ బళ్లో పోరు ఇంకొకటి నడుస్తోంది. ప్రిన్సిపాలుకు పాత ఇంగ్లీషు పద్ధతులంటే పిచ్చి, పిల్లల్ని దారుణంగా కొడతాడు, షెహాన్‌ను మరీనూ. కానీ తమిళులకు ఆ బళ్లో చోటు ఉండాలనేవాడూ ఆయనే. వైస్ ప్రిన్సిపాలు బడిని సింహళ బౌద్ధ బడిగా మార్చాలని చూస్తున్నాడు. బహుమతుల సభలో మంత్రి ముందు అర్జీ ఇంగ్లీషు పద్యాలు రెండు చదవాలి. ఆ పద్యాల మీదే ప్రిన్సిపాలు తన ఉపన్యాసం అల్లుకున్నాడు, ఆయన ఉద్యోగమూ దాంతోనే ముడిపడి ఉంది. అర్జీ వేదిక ఎక్కి పద్యాలను కావాలని కలగాపులగం చేసేస్తాడు.

తప్పా ఒప్పా? తమిళ కుర్రాడు, తమిళులకు మేలు చేయగల మనిషిని పడగొట్టాడు. ప్రేమించిన సింహళ కుర్రాడి వీపుమీది దెబ్బల కోసం పడగొట్టాడు. చదివినవాళ్లలో కొందరికి ఇది మింగుడుపడదు. నాకైతే మొత్తం నవలలో ఎదుగుదల అనదగిన ఘట్టం ఇదొక్కటే. పందిరి ఎక్కడం కాదు, గుంజ పీకడం. పందిరి తన మీద కూడా కూలుతుందని తెలిసి పీకడం.

కూలింది కూడా. చివరి కథ 1983 జులై దినచర్య. జాఫ్నా దగ్గర 13 మంది సైనికులు చనిపోయాక కొలంబోలో సింహళ మూకలు తమిళుల మీద పడ్డాయి. మూకల చేతుల్లో ఓటర్ల జాబితాలు ఉన్నాయి, ఇల్లిల్లూ వెతుక్కుంటూ వచ్చారు. అర్జీ ఇల్లు తగలబడుతుంది. పెళ్లాట జరిగిన ఇంటి నాయనమ్మ, తాతయ్య కారులోనే కాలిపోతారు. షెహాన్ సింహళుడన్న సంగతి ఇన్నాళ్లూ అర్జీకి పట్టలేదు, ఇప్పుడు ప్రతి మాటలో పడుతుంది. కుటుంబం కెనడాకు పోతుంది. గోథే కుర్రాడు చివరికి సమాజంలో చోటు సంపాదించుకున్నాడు. ఇక్కడ సమాజమే ఆ కుర్రాడి చోటు తగలబెట్టింది. ‘కుదురుకోవడం’ అనే మాటకు ఇక అర్థం లేదు.

జెనెట్ వింటర్సన్ 1985లో రాసిన ‘ఆరెంజెస్ ఆర్ నాట్ ది ఓన్లీ ఫ్రూట్’ను కూడా ఇక్కడ ఒక మాటతో దాటాలి. మతనిష్ఠ గల తల్లి పెంపకంలో ఇంకో అమ్మాయిని ప్రేమించిన పిల్ల కథ అది. అధ్యాయాలకు బైబిలు పాత నిబంధన పుస్తకాల పేర్లు పెట్టింది, ఆదికాండంతో మొదలెట్టి రూతుతో ముగించింది. రూతు కథ తెలిసినవాళ్లకు ఆ ముగింపు ఎందుకో వెంటనే అర్థమవుతుంది: ఒక స్త్రీ ఇంకో స్త్రీ వెంట నడిచి వెళ్లే కథ. తనను వెలివేసిన పుస్తకంలోంచే తనకు కావలసిన పేజీ చింపుకుంది.

మన పక్కనే, బళ్లారి జిల్లా సండూరులో పుట్టిన వసుధేంద్ర 2013లో కన్నడంలో ‘మోహనస్వామి’ కథలు రాశాడు. మోహనస్వామి ప్రేమించిన కార్తీక్ ఒక అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు. మళ్లీ అదే పందిరి, ఇతనికి మళ్లీ అదే పక్కదారి. తమిళంలో ఎ. రేవతి రాసిన జీవితకథ నవల కాదు, హిజ్రాగా మారిన మనిషి సొంత గొంతు. పి. సత్యవతి గారు దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, 2019కి సాహిత్య అకాడెమీ అనువాద బహుమతి అందుకున్నారు. ఆ పుస్తకం చదివి ‘ఫనీ బాయ్’ మొదటి అధ్యాయానికి వస్తే చీర చుట్టుకునే ఆ పూట మీకు ఇంకోలా కనిపిస్తుంది.

చట్టాల సంగతీ చెప్పి వదిలేస్తాను. మన దేశంలో ఇలాంటి సంబంధాలను నేరమన్న 377 సెక్షన్ పట్టును సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న విప్పింది. శ్రీలంకలో బ్రిటిష్ కాలం నాటి శిక్షాస్మృతిలో 365ఎ సెక్షన్ మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరమంది. ‘ఫనీ బాయ్’ వచ్చిన మరుసటి సంవత్సరం, 1995లో, దాన్ని సవరించారు. ఎత్తేయడానికి కాదు, ఆడవాళ్లకు కూడా వర్తించేలా.

‘ఫనీ బాయ్’ను తెలుగు చేయబోయేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది పేరే. ‘వింత పిల్లాడు’ అంటే జానపద కథలా ఉంటుంది. ‘విభిన్నుడు’ అంటే సన్మానపత్రంలా ఉంటుంది. నన్నడిగితే అట్టమీద ‘తేడా’ అని పెద్దక్షరాలతో వేయండి. చేతిలోకి తీసుకున్న పాఠకుడికి ముందు నవ్వొస్తుంది. మొదటి అధ్యాయం అయ్యేసరికి తను ఆ హాల్లో ఏ కుర్చీలో కూర్చుని నవ్వాడో తెలుస్తుంది.